పిడికిట్లో బొటనవేలు

ఫ్లెక్సీ పనిలో అన్నిటికంటే తేలిక శ్రద్ధాంజలి. ఫొటో వస్తుంది, పేరు వస్తుంది. మూలల్లో దీపాలు, కింద 'అశ్రునయనాలతో' అన్న మాట నా కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పుట్టినరోజు ఫ్లెక్సీ అయితే ఎవరి తలకాయ ఎవరి తలకాయ కంటే పెద్దగా ఉండాలో తేలేసరికి పొద్దుపోతుంది. పోయినవాళ్ళకి ఆ పేచీ లేదు. తల ఒకటే, పేరు ఒకటే.

ఆ రోజు మాత్రం తల ఒకరిది, పేరు ఇంకొకరిది.

కూర్మన్నపాలెంలో నా షాపులోకి నలుగురు వస్తే ఐదోవాడు బయట నిలబడాలి. ఆ ఐదోవాడు చాలాసార్లు నేనే. ఆ రోజు వచ్చిన నలుగురిలో ముందున్నవాడు లేబర్ కంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు. అతని వెనక కొత్తగా గుండు చేయించుకున్న ఒకాయన, వణుకు కనబడకుండా చేతులు చంకల్లో పెట్టుకుని. ఆయనకి అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె నుదురు బోడిగా ఉంది. ఇంకొకామె నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టుంది.

"అర్జెంటు బావా. నిన్న దినమైపోయింది. రేపు ఆళ్ళ వీధిలో సంతాప సభ, మా సార్లొత్తన్నారు. మంచి కలరుండాలి," అని సూపర్‌వైజరు ఫోనులో ఫొటో చూపించి ఒక పేరు చెప్పాడు.

ఫొటోలో మనిషి నాకు తెలుసు. రోజూ పొద్దున్నే నా షాపు ముందు కంపెనీ బస్సు కోసం నిలబడేవాడు. చెప్పిన పేరూ నాకు తెలుసు. అది ఆ మనిషి అన్నగారి పేరు. ఆ అన్నగారు గుండుతో నా ఎదురుగా ఉన్నాడు.

"తమ్ముడివి నువ్వే కదా?" అని సూపర్‌వైజరు ఆయన్ని అడిగాడు, కింద కుటుంబ సభ్యుల పేర్లు వేయించడానికి.

"అవునండి. నానే తమ్ముణ్ణి," అన్నాడు అన్న.

బోడి నుదురున్నామె మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు. బొట్టున్నామె మొగుడు ఫోనులో ఉన్నాడు. నేను టైపు చేశాను. అచ్చుతప్పులు లేవు.

పోయినాయన పేరు ఇందులో రాయను. అది మర్యాద కోసం కాదు, ఎందుకో మీకే తెలుస్తుంది. ఆయన నన్ను బావా అనేవాడు, నేనూ ఆయన్ని బావా అనేవాణ్ణి. మా వైపు మగవాళ్ళకి ఈ మాట ఒక్కటుంటే చాలు, ఏళ్ళకేళ్ళు పేరుతో పనిలేకుండా బతికెయ్యొచ్చు. ఆయన బతికాడు.

వాళ్ళది సముద్రం ఒడ్డునున్న పల్లె. తండ్రి వేటకెళ్ళేవాడు. పెద్దకొడుకు పడవ వదిలేసి వెల్డింగు నేర్చుకున్నాడు, తమ్ముడికీ నేర్పాడు. పరీక్ష పాసై కార్డు తెచ్చుకున్నది మాత్రం అన్న. ఆ కార్డు మీద అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో, కంట్రాక్టరు కింద గేటుపాసు వచ్చింది. తర్వాత అన్న చెయ్యి వణకడం మొదలైంది. దానికి కారణం సీసాల్లో దొరికేదే. వణికే చేతికి వెల్డింగు కర్ర ఎవరూ ఇవ్వరు. కంట్రాక్టరుకి లెక్కలో తల తగ్గకూడదు. "మీ తమ్ముడు నీలాగే ఉంటాడు కదరా, పంపించు. ఒక నెల సూద్దాం," అన్నాడు. గేటు దగ్గర వేలిముద్ర మిషనుంది. పాత వేలు అరిగిపోయిందని చెప్పి, అన్న పేరు మీద తమ్ముడి బొటనవేలు ఎక్కించారు. ఒక నెల అన్నారు. తర్వాత ఎవరూ నెలలు చూసుకోలేదు. రెండిళ్ళ పొయ్యిలు ఆ ఒక్క పేరు మీద వెలిగేవి.

ఈ సంగతి నాకు తెలియక ముందు నుంచీ ఆయన బొటనవేలు నాకు తెలుసు. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ పిడికిట్లో మడిచి పెట్టుకునేవాడు. మాట్లాడుతున్నా, నడుస్తున్నా. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకునేవాడు, దండం పెడుతున్నట్టు. కాలిందేమో అనుకునేవాణ్ణి. వెల్డింగు చేసేవాళ్ళకి కాలని చోటు ఉండదు.

మా ఇద్దరినీ కలిపింది లంగరు.

లంగరు నా హీరో. ఫ్లెక్సీ రోలు అంచున ప్రతి ప్రింటుకీ జానెడు ముక్క మిగిలిపోతుంది. డిగ్రీ చదివినవాడికి ఏదీ పారెయ్యబుద్ధి కాదు. ఆ ముక్కల మీద బొమ్మల కథ వేసి పక్కన టీకొట్టు తాడుకి వేలాడదీసేవాణ్ణి. పగలు లంగరు కరెంటు మీటర్ల రీడింగు తీసుకునే మనిషి. మీటరు చూసేవాడి మొహం ఎవరూ చూడరు కదా. ఆపద వస్తే మొహానికి నల్లగుడ్డ కట్టి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడతాడు. ఇక ఏదైనా ఆగాల్సిందే: బస్సు, క్రేను, ఓడ. ఎగరడు. ఎగిరేవాడికి ఆకాశం వెయ్యాలి, నీలం ఇంకు ఖరీదు. నా పాఠకులు బస్సు వచ్చేదాకా చదివేవారు. కథ పాతబడితే టీకొట్టాయన దాన్ని పొయ్యికి గాలి తగలకుండా కట్టుకునేవాడు. విశాఖలో వానకి తడవని సాహిత్యం నాదొక్కటే.

ఒకరోజు పొద్దున్న బావ షాపు గుమ్మంలోకి వచ్చాడు. ముందురోజు వెల్డింగు మంట తగిలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక కన్ను మూసుకుని రెండో కన్నుతో నన్ను చూశాడు.

"ఈ బొమ్మలు నువ్వేనా బావా ఏత్తన్నావు?"

"నేనే."

"మూడో కతలో ఆడి ఎడం సెయ్యి ఇరిగింది. నాలుగో కతలో అదే సేత్తో బస్సెలగ ఆపేడు?"

"మధ్యలో నయమైంది బావా."

"ఎప్పుడు? మూడో కత సుక్కురోరం ఆపేవు. నాలుగోది శనోరం మొదలెట్టేవు. సుట్టేసిన కట్టేది?"

డిగ్రీలో ఈ ప్రశ్న అడగలేదు.

ఆ తర్వాత ఆయన అడగని రోజు లేదు. లంగరు ఓడ ఆపుతున్నప్పుడు మీటర్లు ఎవరు చూస్తారు? ఆఫీసులో అడగరా? ముసుగు తీగ మీద ఆరేస్తే పక్కింటివాళ్ళు చూడరా? "అసలా ముసుగు ఎవులుతుకుతారు బావా?" అని పట్టుకున్నాడు. హీరో రహస్యం ఎవరికీ తెలియదు, తనే ఉతుక్కుంటాడన్నాను. నమ్మలేదు. మగాడు బట్టలుతుకుతుంటే అదే పెద్ద అనుమానం కదా అన్నాడు. అయిదో కథలో లంగరుకి పెళ్ళి చేసేశాను.

అన్నిటికంటే ఆయనకి నచ్చనిది చెప్పులు. "గుడ్డ కట్టేడు, బాగుంది. సెప్పులు మార్సలేదు. మనూళ్ళో మొకం సూసి ఎవుడు గుర్తడతాడు? గుమ్మంలో సెప్పులు సూసే కదా, ఎవులొచ్చేరో తెలిసేది!" అని సాక్ష్యంగా తన కాలు చాపాడు. నీలం పట్టీల హవాయి చెప్పు. ఎడమదాని పట్టీ తెగితే ఇనుపతీగతో కట్టుకున్నాడు. కట్టు ఎంత శుభ్రంగా ఉందంటే, అది కొత్తగా కొన్న చెప్పుకి కూడా వేయించుకోవాలనిపించింది.

"ఇవి నువ్వు ఎక్కడ సూసినా నావే అంటావు. అంటావా, అనవా?"

"అంటాను."

"మరి ఆడి పెళ్ళాం అనదేటి?"

ఆయన సంగతి నాకు తెలిసింది కూడా ఇలాంటి ఒక పొద్దున్నే. రోడ్డుకి అవతల నుంచి వాళ్ళ ఊరాయన ఎవరో ఆయన సొంత పేరు పెట్టి పిలిచాడు. బావ కదల్లేదు. గట్టిగా ఇంకోసారి పిలిచాడు. బావ లంగరు కథ చదువుకుంటూనే ఉన్నాడు. ఇంతలో కంపెనీ బస్సు కిటికీలోంచి ఎవరో ఇంకో పేరు కేకేశారు. గబుక్కున లేచి పరిగెత్తాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాక, అప్పుడు ఆగి, అవతలి రోడ్డు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

మర్నాడు అడిగాడు. "తెలిసిపోయిందేటి బావా?"

"నాకేటి తెలుస్తుంది, నేను చదువుకున్నవాణ్ణి," అన్నాను.

నవ్వాడు. తర్వాత అన్నీ చెప్పాడు. జాగ్రత్తగా పనిచేసినందుకు కంపెనీవాళ్ళు స్టీలు క్యారేజీ బహుమతిగా ఇచ్చారట, మూత మీద పేరు కొట్టించి. అన్న పేరు. "రోజూ అన్న పేరు మూత తీసి, మా ఆవిడొండిన కూర తింతన్నాను బావా. కూర మట్టుకు నాదే." కంపెనీలో పుట్టినరోజులకి కేకు కోయిస్తారట. అన్న పుట్టినరోజున ఈయన కోస్తాడు. ఈయన పుట్టినరోజున సెలవు దొరకదు.

రోజంతా మొహానికి వెల్డింగు ముసుగు వేసుకుని పనిచేసేవాడు. అది అందరూ వేసుకునేదే. షిఫ్టు అయ్యాక దాన్ని తీసి వెల్డింగు మిషను దగ్గర పెట్టి వచ్చేవాడు. రెండోది తీసి ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

వానలు పడుతున్న ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా షాపులోకి వచ్చాడు. తల తుడుచుకోలేదు.

"లంగరుగాడు ముసుగు తీసెయ్యాలంటే ఎలగ బావా? ఎవలికీ దెబ్బ తగలకుండా."

లంగరు ముసుగు తీయడం అప్పటికి నా ఆలోచనలో లేదు. అయినా కూర్చున్నాం. టీవీలో చెప్పించేద్దామన్నాను. "కరెంటోళ్ళు ఉద్యోగం పీకేత్తారు. ఇన్నాళ్ళూ డ్యూటీలో ఓడలాపుతున్నావా అని." పోనీ లంగరుని చంపేద్దాం, మీటరాయన హాయిగా బతుకుతాడన్నాను. "అప్పుడు జనమందరూ ఏడుత్తారు. ఆడు పక్కన నిలబడి ఆడి సావుకి ఆడే ఏడవాలి." ముసుగు ఇంకొకరికి ఇచ్చేద్దామన్నాను.

"తీసుకున్నోడికి సెయ్యి వణుకుద్ది బావా," అన్నాడు.

అప్పటికి మేము లంగరు గురించి మాట్లాడుకోవడం లేదని నాకు అర్థమైంది.

ఫ్యాక్టరీలో వెల్డర్లని పర్మనెంటుగా తీసుకుంటున్నారు. పరీక్ష పెట్టారు. ఈసారి సొంత పేరు మీద కూర్చోవాలని సొంత ఆధార్ కార్డు తీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. దరఖాస్తు తీసుకున్నారు. వేలు పెట్టమన్నారు. పిడికిట్లోంచి బొటనవేలు తీసి పెట్టాడు.

"మిషను లోపల్నించి ఆడమనిషి మాటాడుద్ది కదా, ఆవిడ అన్న పేరు సెప్పి స్వాగతం అంది. ఎంత మర్యాదగా పిలిసిందో బావా. ఇంకోసారి పెట్టేను. ఇంకోసారి స్వాగతమంది. సెక్యూరిటీ గుంటడు నవ్వి, నీ పేరు నీకు తెల్దేటి అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మర్సిపోయేనన్నాను. దరకాస్తు వొగ్గేసి డ్యూటీకి ఎల్లిపోయేను." పిడికిలి తెరిచి ఆ వేలుని చూసుకున్నాడు. "ఈ గేట్లో ఇది అన్నదే. ఇంకేటి సెయ్యనూ? కోసుకుంటే పని రాదు."

ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపాడు.

"ఇంకొకటడుగుతాను, సెప్పు. ఆడు ముసుగులో ఉండగానే పోయేడనుకో. ఎవులు పోయినట్టు? ఇంటికాడ ఎవులికి కబురెడతారు?"

"హీరో చావడు బావా. చస్తే టీకొట్టు తాడుకి ఏం కడతాను?"

"నీకు తాడు గొడవ. నాకు ఆడి పెళ్ళాం గొడవ," అని లేచాడు. "ఆలోసించు. నీకు సదువుంది కదా."

అంతకంటే ఆలోచించే పని నాకు పెట్టకుండా, చలి మొదలైనప్పుడు పోయాడు. ట్యాంకు లోపల వెల్డింగు. ఖాళీ ట్యాంకన్నారు, కాదు. అంతకంటే నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు.

కబురు వెళ్ళింది, అన్నగారింటికి. పేరు వాళ్ళది కదా. కంట్రాక్టరు మాత్రం రెండిళ్ళకీ స్వయంగా వెళ్ళాడు. అసలు మనిషెవరో బయటపడితే గేటులోకి దొంగపేరుతో వచ్చినవాడంటారు, ఒక్క రూపాయి కూడా రాదు, ఎవరి ఇంటికీ రాదు అన్నాడు. అది కాదనగలిగే స్థితిలో ఎవరూ లేరు. అన్నకి పిల్లల్లేరు. తలకొరివి ఎవరు పెడతారని కంపెనీవాళ్ళడిగితే, తమ్ముడున్నాడని చెప్పారు. తమ్ముడి కార్డు జేబులో పెట్టుకుని అన్న కొరివి పెట్టాడు. అన్న భార్య అందరి ముందూ గాజులు పగలగొట్టించుకుంది, మొగుడు పక్కనే నిలబడి చూస్తుండగా. ఆవిడ ఏడుపులో అబద్ధం లేదని చూసినవాళ్ళు చెప్పారు. ఉండదు. బతికున్న మొగుడికి ఆ తంతు చేయించుకున్న ఆడది ఇంకెలా ఏడుస్తుంది? బావ భార్యని మాత్రం ఎవరూ ఏడవనివ్వలేదు. మరిది పోయినంత ఏడుపు, అంటే, బావగారు పోయినంత ఏడుపు ఏడిస్తే చాలన్నారు. నాకే తికమకగా ఉంది. ఆవిడకి ఎలా గుర్తుందో.

సంతాప సభ బాగా జరిగిందట. ఫ్లెక్సీ కలరు బాగుందని సూపర్‌వైజరు ఫోను చేశాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వచ్చింది. కూరల సంచీ చేతిలో ఉంది, బొట్టు అలాగే ఉంది. ఆయన నన్ను బావా అన్నందుకు నేను ఆవిడకి అన్నయ్యని.

"అన్నయ్యా, సిన్న ముక్క కావాలి. పారేత్తావు కదా, ఆ అంచు ముక్కే సాలు."

"ఫొటో పెట్టమంటావామ్మా?"

"ఒద్దు. మొకం వీధిలో ఉంది కదా, రోజూ సూత్తన్నాను. పేరు ఎయ్యి. ఆయన పేరు."

మిషను స్విచ్చేశాను. ఆవిడే చెప్పుకుపోయింది.

"ఇంట్లో ఆయన పేరున్నదొక్కటీ లేదన్నయ్యా. కార్డు బావగారి జేబులో ఉంది, కంపెనీ గొడవ తేలేదాకా ఇవ్వరు. క్యారేజీ మీద బావగారి పేరుంది కదా, అది అక్కకిచ్చేరు. అందులోనే కదా రోజూ కట్టేదాన్ని. నాదని ఎలగడగను? మొన్న బజార్లో బావగార్ని ఎవులో ఆయన పేరెట్టి పిలిసేరు. పలికేరు. నాను ఎనక్కి తిరిగి సూసేను."

సంచీ రెండో చేతికి మార్చుకుంది. "ఆ పేరుకి ఎవులూ పలక్కుండా అది ఒక్క సోట ఉండాలన్నయ్యా. అంతే."

ముక్క బయటికొచ్చింది. తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు, ఇంటిపేరుతో సహా. దీపాలు పెట్టలేదు. నాకు తెలిసి ఆ పేరు ఆయనదిగా అచ్చులో పడడం అదే మొదలు. ఇంకు ఆరలేదమ్మా అంటున్నా వినకుండా ఆవిడ వేలు పెట్టి చివరి అక్షరం తాకింది. వేలికి నలుపు అంటింది. తుడుచుకోలేదు.

"ఎక్కడ కడతావు? ఎవరైనా చూస్తే?"

"రేకుల కింద పాత ఫ్లెక్సీలు కట్టేం కదా, కారకుండా. ఆటితో పాటు కట్టేత్తాను, అచ్చరాలు పైకెట్టి. కింద నుంచి సూసినోడికి తెలుపే కనబడతాది." తలెత్తి నా షాపు కప్పు వైపు చూసింది, అక్కడే కట్టేసినట్టు. "వానొత్తే?"

"తడవదమ్మా."

లంగరు ఆరో కథ దగ్గర ఆగిపోయాడు. ముసుగు ఎలా తీయాలి, ముసుగులో పోతే ఎవరు పోయినట్టు అని ఆయన అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ దగ్గర ఒకటుంది. అది జానెడు వెడల్పు.

ముక్క చుట్టచుట్టి, కూరల సంచీలో బెండకాయల కింద పెట్టుకుంది. వస్తానన్నయ్యా అని గుమ్మం దిగి చెప్పులు వేసుకుంది. అవి ఆవిడ కాళ్ళకి పెద్దవి. నీలం పట్టీలు. ఎడమదానికి ఇనుపతీగ కట్టు.

ఆయన గేటు దగ్గర చెప్పులు విడిచి బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళేవాడు. వాటి మీద ఎవరి పేరూ లేదు. అందుకని ఆవిడకి దక్కాయి.

మడమలు ఈడ్చుకుంటూ రోడ్డెక్కింది. ఎదురుగా కంపెనీ బస్సు ఆగి ఉంది, షిఫ్టు దిగినవాళ్ళు దిగుతున్నారు. వాళ్ళలో సూపర్‌వైజరు కూడా ఉన్నాడు. ఆవిడ సరిగ్గా అతని ముందు నుంచే నడిచింది. ఎవరైనా ఒక్కసారి కిందకి చూస్తే చాలు, గుర్తుపట్టేస్తారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

ఎవరూ చూడలేదు. అందరూ ఆవిడ బొట్టే చూశారు.